పెదవి దాటని మాట

ఆత్మకూరునకు చేరువనున్న అనుమసముద్రంపేటను మా సీమవారు ఏ. ఎస్. పేట అని క్లుప్తముగా వ్యవహరింతురు. పదునెనిమిదవ శతాబ్దిలో అచ్చట స్థిరపడి అచ్చటనే సమాధియైన ఖాజా రహమతుల్లా నాయబ్ రసూలు వారి దర్గా ఆ గ్రామమునకు పేరు తెచ్చినది. ముసల్మానులును హిందువులును అను భేదము లేక జనము వత్తురు. తమిళనాటినుండియు కన్నడ దేశమునుండియు గూడ వత్తురు. మనసు చెదరినవారిని, వైద్యులు చేతులెత్తిన రోగులను వెంటబెట్టుకొని వచ్చి బంధువులు ఆ ప్రాంగణమున రాత్రులు నిద్రచేయింతురు. చిన్ననాటినుండి చూచుచున్న దృశ్యము గనుక అందు నాకు వింత ఏమియు లేదు. కాని ఒక వేసవిలో, ఒక గురువారము సాయంకాలము, అచ్చట నేను చూచిన రోగివంటి రోగిని మాత్రము అంతకుముందు చూచి యుండలేదు.

ఆమె ముఖమునకు మాస్కు తగిలించుకొని ఒక స్తంభము చాటున కూర్చుండి యుండెను. నన్ను చూచి లేచి "నమస్కారం సార్" అన్నది. గొంతు పోల్చుకొంటిని. పది పన్నెండేండ్ల క్రిందట డిగ్రీ తరగతిలో నా యొద్ద తెలుగు చదివిన బాలిక. ఇప్పుడు బెంగుళూరులో ఉద్యోగము చేయుచున్నది. ప్రక్కనున్న తల్లి నేనడుగకముందే అందుకొన్నది.

"దిష్టి తగిలింది సార్. పెండ్లి కుదిరిన పిల్ల. మూతి ఎట్ల వాచిపోయిందో చూడండి. మూణ్ణెల్ల నుంచీ తగ్గలే. ఈడ మూడు రాత్రులు నిద్ర చేస్తే పోతాదని చెప్పినారు."

"అమ్మా, ఊరుకోమ్మా" అని కూతురు తల్లి కొంగు పట్టి లాగినది. ఆ "అమ్మా" అను మాటలో మకారము సరిగా పలుకలేదు. తెలుగు అధ్యాపకునకు అలవాటైన చెవి గనుక దానిని పట్టుకొన్నది. ప, ఫ, బ, భ, మ లు ఓష్ఠ్యములని మనము పిల్లలకు వల్లె వేయింతుము. రెండు పెదవులు నిండుగా కలిసినగాని ఆ అక్షరములు పుట్టవు. ఆ పిల్లకు అవి కలియుటలో ఏదో అడ్డు కలిగినది.

తల్లి నీళ్లకై వెళ్లినప్పుడు ఆమె మాస్కు తీసి చూపినది. పై పెదవి తన హద్దు దాటి, ముక్కు క్రింది భాగమున మీసకట్టువలె ఉబ్బియుండెను. ఎడమ ప్రక్క శనగగింజంత గడ్డ. అది దిష్టి కాదని ఆమెకు తెలియును. మూడు నెలల క్రిందట ఒక నగరమున, జుట్టు కత్తిరించుటయు సూది వేయుటయు ఒకే కప్పు క్రింద జరుగుచుండిన ఒక చోట, పెదవులలో ఫిల్లరు వేయించుకొన్నదట. వేసినవారెవరని అడిగితిని. "తెల్లకోటు వేసుకోనుండారు సార్" అన్నది. ఏ మందు వేసిరని అడిగితిని. "చెప్పలేదు. నేనూ అడగలేదు." మరల అచ్చటికి వెళ్లి చూపితివా యనగా, సిగ్గువేసినదట. మరియొక వైద్యునకు చూపితివా యనగా, ఏమని చెప్పుకొనుటయో తెలియలేదట. తల్లికేల చెప్పలేదు?

"అమ్మకు చెప్తే నాన్నకు తెలుస్తుంది. నాన్నకు తెలిస్తే పెండ్లివాళ్లకు తెలుస్తుంది సార్."

పెదవి దాటిన మాట పృథివి దాటునని పెద్దలన్నారు. ఆ భయముననే ఆ పిల్ల తన పెదవిని గూర్చిన మాటను పెదవి దాటనీయలేదు. దర్గాలో మూడు రాత్రులు నిద్రచేయుటకైనను సిద్ధపడినది గాని నోరు విప్పుటకు సిద్ధపడలేదు. ఈ వ్యాసము వ్రాయుటకు కారణము ఆ మౌనమే. ఏలయన, నేను తరువాత తెలిసికొన్న దానిని బట్టి, చెడిన ఆ పెదవి చాల వరకు బాగుపడదగినదే. బాగుపడుటకు ఆటంకము మందు దొరకకపోవుట కాదు.

ముందు ఆ పదార్థమేమో చెప్పవలెను. నేడు పెదవులలో వైద్యులు ఎక్కువగా వాడు ఫిల్లరు హయలురోనిక్ ఆమ్లము అను జిగురు పదార్థము. 1934లో కొలంబియా విశ్వవిద్యాలయమున కార్ల్ మేయరు, జాన్ పామరు అను శాస్త్రజ్ఞులు పశువుల కంటిలోని గాజువంటి ద్రవమునుండి దీనిని వేరు చేసిరి. గ్రీకు భాషలో గాజునకు పేరైన 'హయలోస్' అను మాటనుండియే దీనికి నామకరణమైనది. ఇది మనకు పరాయి పదార్థము కాదు. డెబ్బది కిలోల బరువుగల మనుష్యుని దేహములో సుమారు 15 గ్రాములుండును. అందులో మూడవ వంతు ప్రతిదినము విరిగి మరల తయారగుచుండును. ఫిల్లరుగా వాడునపుడు అది త్వరగా విరిగిపోకుండ దాని పోగులను ఒకదానితో నొకటి ముడివేసి గట్టిపరుతురు. ఒక పిచికారిలో పట్టునది సాధారణముగా ఒక మిల్లీలీటరు. మా ఉదయగిరి పనివారు చెక్కు కర్ర చెంచాలలో చిన్నదానిని తీసికొన్నను ఆ మందు దాని అడుగున తడిగా మాత్రమే కనబడును. అంత స్వల్పమైన దానితో మనిషి ముఖము మారుట చూడగా పెదవి ఎంత సున్నితమైన కట్టడమో తెలియుచున్నది.

పెదవులను, ముక్కులను లోపలినుండి నింపు కోరిక ఈనాటిది కాదు. 1899లో వియన్నా నగరమున రాబర్ట్ గెర్సూనీ అను శస్త్రవైద్యుడు పారఫిన్ మైనమును కరిగించి చర్మము క్రింద ఎక్కించు పద్ధతిని ప్రారంభించెను. కొంతకాలము ఐరోపాలోని ధనికుల యిండ్లలో అది వేలంవెర్రి యైనది. తరువాత ఆ మైనము గడ్డలు కట్టినది, చోటు మారినది, పుండ్లు పడినది. మార్ల్‌బరో డచెస్ గ్లాడిస్ డీకన్ తన ముక్కు నిటారుగా నుండవలెనని మైనము ఎక్కించుకొని, అది క్రిందికి జారగా అందగత్తెయను పేరు పోగొట్టుకొన్నది. ఆ మైనమునకు విరుగుడు లేదు. రెండవ ప్రపంచ యుద్ధానంతరము జపానులోను, పిమ్మట అమెరికాలోను ద్రవ సిలికోనును ఎక్కించుట సాగినది. దాని వలన కలిగిన దుష్ఫలితములు చూచి 1970వ దశకమున నెవాడా రాష్ట్రము దానిని నేరముగా పరిగణించినది. దానికిని విరుగుడు లేదు, కోసి తీయవలసినదే. పశువుల చర్మమునుండి తీసిన కొల్లాజను 1981లో అమెరికా ప్రభుత్వపు అనుమతి పొందినది గాని, కొందరికి అది పడలేదు. హయలురోనిక్ ఆమ్లపు ఫిల్లరు అచ్చట 2003లో ముఖముపై ముడుతలకు, 2011లో ప్రత్యేకముగా పెదవులకు అనుమతింపబడినది. ఈ చరిత్రలో దాని విశేషము అందము కాదు. వేసిన దానిని మరల తీసివేయగలుగుట దీనితోనే సుసాధ్యమైనది.

ఆ విరుగుడు పేరు హయలురోనిడేజ్. ఇది ఒక ఎంజైము. హయలురోనిక్ ఆమ్లపు గొలుసులను త్రుంచివేయును. దీని కథ మా కొండసీమ పల్లెలవారికి చెప్పిన వెంటనే బోధపడునట్టిది. నాగుబాము విషము కాటు పడినచోటనే నిలువక ఒడలెల్ల ఎట్లు ప్రాకును? కణజాలము నడుమనున్న జిగురును కరగించి విషమునకు దారి చేయు ఎంజైము ఆ విషములోనే యుండును. తేనెటీగ కొండిలో నుండును. జలగ నోటిలో నుండును. 1928లో డురాన్ రేనాల్స్ అను శాస్త్రజ్ఞుడు జంతువుల బీజకోశములనుండి తీసిన రసములో ఇట్టి 'వ్యాపకశక్తి'ని మొదట గుర్తించెను. తరువాత పెన్సిలిను పనికై 1945లో నోబెల్ బహుమానము పొందిన ఎర్నెస్ట్ చెయిన్, ఆ శక్తియు ఈ ఎంజైమును ఒకటేయని తెలిపినవారిలో నొకడు. కంటి శుక్లములు తీయించుకొనుటకు నెల్లూరు పోయి వచ్చిన మన వృద్ధులలో ఎందరికో ఇది తెలియకయే ఒంటిలో ప్రవేశించి యుండును. కంటిచుట్టు ఇచ్చు మత్తుమందు త్వరగా వ్యాపించుటకు దానిలో దీనిని కలుపుదురు. గొర్రెల, పశువుల బీజములనుండి తీసి పొడిగా నింపిన చిన్న సీసాలలో ఇది మనదేశమున దొరకుచునేయున్నది. పాము విషములోని ఒక అంశము పెదవిని బాగుచేయుటకు పనికివచ్చుట వింతయే. మన పూర్వులు విషమునకు విషమే విరుగుడని ఊరకే అనలేదు.

ఇక చెడిన పెదవి యనగా నేమో విచారింపవలెను. సూది వేసిన మొదటి దినములలో వాపు, కమిలిన నలుపు సహజములు. ఒకటి రెండు వారములు గడువనిదే ఫలితము తేలదు. ఆ లోపల అద్దము ముందు నిలిచి విలపించువారిలో చాలమందికి చికిత్స అక్కరలేదు, ఓపిక కావలెను. రెండు వారములు దాటినను ఒక ప్రక్క ఎత్తుగా, మరియొక ప్రక్క పల్లముగా నుండుట, చేతికి గడ్డలు తగులుట, పైపైన వేసిన జిగురు చర్మము క్రింద నీలిగా కనబడుట, మందు పెదవి హద్దు దాటి పైకి ప్రాకుట, ఇవి దోషములు. వీనిలో కొన్ని వైద్యుడు వేలితో ఒత్తి సరిచేయును. కొన్నిటికి కొరత యున్నచోట మరికొంత వేయును. పై పెదవి దాటి ప్రాకినదానికి, నీలి మెరపునకు, గట్టి గడ్డకు ఎంజైము వేసి కరగించుట మార్గము. వేసిన గంటలలోనే అది పని ప్రారంభించును. ఒకటి రెండు దినములలో దాని ప్రభావము తెలియును. కొందరికి రెండు మూడు మారులు వేయవలసివచ్చును. మరల ఫిల్లరు కోరువారు కనీసము రెండు వారములైనను ఆగవలెను. చెడినదాని మీదనే మరియొక పిచికారి వేసి సమము చేయుదునని చెప్పు వాడు గోడ వంకరను సున్నముతో దాచు మేస్త్రీ వంటివాడు.

ఎంజైము మన సహజమైన జిగురును గూడ కరగించునని భయపడువారున్నారు. కొంత కరగించుట నిజమే. కాని దేహము దానిని దినదినము తయారు చేసికొనుచునే యుండునని పైన చెప్పితిని. దీని వలన నిజమైన జాగ్రత్త మరియొకటి. తేనెటీగ కుట్టినపుడు ప్రాణముమీదికి వచ్చిన చరిత్ర గలవారు ఆ సంగతి వైద్యునకు ముందే చెప్పవలెను. అరుదుగానైనను ఈ మందు పడక తీవ్రమైన ప్రతిక్రియ కలుగవచ్చును గనుక, అట్టి దానిని ఎదుర్కొను సాధనములున్న చోటనే దీనిని వేయించుకొనవలెను.

ఒక్క స్థితిలో మాత్రము రెండు వారములు కాదు, రెండు గంటలు గూడ ఆగరాదు. పెదవులకు రక్తము తెచ్చు ధమని సన్ననిది. పెదవి లోపలనే మెలికలు తిరుగుచు పోవును. సూది మొన దానిలో దిగి ఆ జిగురు రక్తనాళమును మూసినచో చర్మము తెల్లబారును, తరువాత వలవంటి ఊదా మచ్చలు తేలును, నొప్పి తగ్గుటకు మారుగా పెరుగును. రక్తమందని కండ చచ్చును. గంటలలోపల ఎంజైమును ధారాళముగా వేసినచో కండ దక్కును. ఆలస్యమైనచో పెదవిపై మాయని మచ్చ మిగులును. చూపు మసకబారినచో అది మరింత ప్రమాదము. తిన్నగా పెద్ద ఆసుపత్రికే పరుగెత్తవలెను. ఇట్టి వేళ "రేపు చూద్దాము, మంచుగడ్డ పెట్టుకొనండి" అని ఫోనులో చెప్పించుకొని ఊరకుండువారు నష్టపోవుదురు. ఎంజైము సీసా చేతిలో లేనివాడు ఫిల్లరు సూది చేత బట్టరాదు. వేయించుకొనువారు గూడ ముందు అడుగవలసిన ప్రశ్న ఖరీదెంతయని కాదు, విరుగుడు మీ యొద్ద నున్నదా యని.

ఇంత చెప్పినను ఈ విరుగుడు ఒక్క జాతి ఫిల్లరునకే పనిచేయునని మరువరాదు. సిలికోను, ప్లాస్టికు పూసలు కలిపినవి, పాలీఅక్రిలమైడు జిగురు మున్నగువానిపై ఇది పారదు. వానికి స్టిరాయిడు సూదులో, కత్తియో శరణ్యము. అప్పటికిని పూర్తిగా బాగుపడునను హామీ లేదు. కావుననే మా పూర్వవిద్యార్థిని విషయములో మొదటి చిక్కు అచ్చటనే వచ్చినది. నా మాటపై ఆమె నెల్లూరులో ఒక చర్మవైద్యురాలికి చూపినది. ఆ వైద్యురాలు పెదవి పట్టి చూచి, "లోపల ఏముందో తెలీకుండా నేను దేన్ని కరిగించను? మొదట ఆ కాగితం తీసుకురండి" అన్నదట. సక్రమముగా తయారైన ప్రతి ఫిల్లరు పిచికారితో బాటు ఒక చీటీ వచ్చును. దానిపై తయారీదారు పేరు, మందు పేరు, బ్యాచి సంఖ్య, గడువు తేదీ యుండును. దానిని రోగి కాగితముపై అంటించి ఇచ్చుట వైద్యుని మర్యాద. ఈ పిల్లకు ఇచ్చిన కాగితముపై సొమ్ము మాత్రమే వ్రాసి యుండెను.

ఇచ్చట మన చట్టము ఏమి చెప్పుచున్నదో చాలమందికి తెలియదు. 2002నాటి వైద్యుల వృత్తి ప్రవర్తన నిబంధనలు నేటికిని అమలులో నున్నవి. 2023లో వాని స్థానమున తెచ్చిన కొత్తవానిని ఆ యేటనే నిలుపుదల చేసిరి. వాని ప్రకారము, రోగి అడిగినచో వైద్యుడు 72 గంటలలోపల చికిత్స రికార్డులను ఇచ్చి తీరవలెను. చెడినది ఎవరి తప్పో తేల్చుట తరువాతి మాట. ఏమి వేసిరో చెప్పుట మాత్రము ఐచ్ఛికము కాదు. వేసినవాడు అసలు వైద్యుడే కానిచో, 2019నాటి జాతీయ వైద్య కమిషను చట్టపు 34వ సెక్షను క్రింద అది నేరము; ఏడాది వరకు ఖైదో, ఐదు లక్షల రూపాయల వరకు జరిమానాయో, రెండునో విధింపవచ్చును. వైద్యసేవ గూడ వినియోగదారుల చట్టమునకు లోబడినదేయని 1995లో వి. పి. శాంత కేసులో సుప్రీం కోర్టు తీర్పు చెప్పినది. జిల్లా వినియోగదారుల కమిషనునకు రెండేండ్లలోపల ఫిర్యాదు చేసికొనవచ్చును. రోగి సమ్మతి యనగా కాగితముపై సంతకము కాదు, చేయబోవునది తెలిసి ఇచ్చిన అనుమతి యని 2008లో సమీరా కోహ్లీ కేసులో అదే న్యాయస్థానము వివరించినది. చట్టములకు కొరత లేదు. ఆ మాటకు వచ్చిన 1954లో మాయమందుల ప్రకటనలను నిషేధించుచు చేసిన చట్టపు జాబితాలో మనిషి ఎత్తును, స్త్రీ వక్షస్సు ఆకృతిని పెంచు మందులను గూడ చేర్చిరి. పెదవులను గూర్చి ఒకనాడు ఇంత వ్యాపారము సాగునని నాటి శాసనకర్తల ఊహకు అందియుండదు.

కాని ఏ చట్టమైనను ఫిర్యాదు చేయువాడు నోరు తెరచినగాని కదలదు. అందగించుకొనుటకు పోయి నష్టపోయినవారిపై లోకమునకు జాలి కలుగదు. "ఎవరు పొమ్మన్నారు?" అని మొదటి ప్రశ్న వేయుదురు. కడుపునొప్పితో పోయి సూది వికటించినచో సానుభూతి. పెదవికై పోయి వికటించినచో పరిహాసము. 2015లో తెలుగు చలనచిత్ర తార ఆర్తీ అగర్వాల్ ముప్పదియొక యేండ్ల ప్రాయమున అమెరికాలో మరణించినపుడు, ఆమె కొద్ది వారముల ముందు క్రొవ్వు తీయించుకొన్నదను వార్త వెలువడినది. ఆ చికిత్సకును మరణమునకును గల సంబంధము నిర్ణయించుట వైద్యుల పని. మనవారిలో కొందరు మాత్రము ఆ విచారణ కొరకు ఆగలేదు. చనిపోయిన స్త్రీకి నీతులు చెప్పిరి. ఆ మాటలు విని పెరిగిన బాలికలు తమకు వచ్చిన కష్టమును ఎవరితో చెప్పుకొందురు? ఇది స్త్రీలకే పరిమితమనుకొనుట పొరపాటు. 2024 ఫిబ్రవరిలో హైదరాబాదున ఒక యువకుడు చిరునవ్వు తీర్చిదిద్దించుకొనుటకు దంతవైద్యాలయమునకు పోయి ప్రాణము కోల్పోయినాడు. ఇంటిలో ముందుగా చెప్పలేదని తండ్రి వాపోయినట్లు పత్రికలలో చదివినప్పుడు, ఆ ఒక్క వాక్యమే నాకు మిగిలిన వార్తయంతటి కంటె బరువుగా తోచినది.

దీనికి భిన్నమైన దృశ్యము 2025 జూలైలో కనబడినది. హిందీ టెలివిజను ద్వారా ప్రసిద్ధిలోనికి వచ్చిన ఉర్ఫీ జావేద్, తన పెదవుల ఫిల్లరు సరియైన చోట పడలేదని చెప్పి, ఎంజైముతో కరగించుకొనుచుండగా తీసిన చిత్రమును తానే లోకమునకు చూపినది. ముఖమంతయు వాచి గుర్తుపట్టరాకుండ నుండెను. నొప్పిని దాచలేదు, మంచి వైద్యుని యొద్దకు పొండని చెప్పినది, ఫిల్లరు అసలే వలదని గూడ ఆమె అనలేదు. ఆమె వేషభాషలతో నాకు పొత్తు లేదు. వెక్కిరించినవారికి కొదువ లేదు. అయినను ఎంజైము అనునది ఒకటున్నదని ఈ దేశమున లక్షలమంది బాలికలకు తెలిసినది ఆ చిత్రము వలననే యని నేననుకొందును. కళాశాలలలో మనమెవ్వరమును ఆ మాట చెప్పి యుండలేదు. ఇంగ్లండులో 2021 అక్టోబరు 1నుండి పదునెనిమిదేండ్లు నిండనివారికి అందము కొరకు ఫిల్లరు వేయుట నేరము. ఆ మాసమే అమెరికా ఔషధ శాఖ, సూది లేకుండ ఒత్తిడితో పెదవులలోనికి ఫిల్లరు చిమ్ము కలములను ఎవ్వరును వాడరాదని హెచ్చరించినది. చెడినవారు నోరు విప్పినచోటనే ఇట్టి హెచ్చరికలు పుట్టును.

ఈ సందర్భమున నాకు ఒక పాత వృత్తాంతము స్ఫురించుచున్నది. టిప్పు సుల్తానుతో 1792లో జరిగిన యుద్ధమున, ఇంగ్లీషు సైన్యపు బండ్లు తోలు కవాస్జీ అనువాడు శత్రువులకు చిక్కగా వాని ముక్కు కోసివేసిరి. తరువాత పూనాలో ఒక దేశీయ వైద్యుడు వాని నుదుటి చర్మమును మలచి కొత్త ముక్కు కట్టెను. కోసిన చెవిని, ముక్కును, పెదవిని సంధించు విధానము సుశ్రుత సంహిత సూత్రస్థానములోనే కలదు; ఆ విద్య కొన్ని కుటుంబములలో అప్పటికిని బ్రదికి యున్నదన్నమాట. కవాస్జీ తన ముఖమును దాచుకొనలేదు. జేమ్స్ వేల్స్ అను చిత్రకారుని ఎదుట కూర్చుండి బొమ్మ వేయించుకొనెను. 1794 అక్టోబరులో లండనులోని జెంటిల్మన్స్ మ్యాగజీను ఆ కథను అచ్చువేసినది. అది చదివి జోసెఫ్ కార్ప్యూ అను శస్త్రవైద్యుడు అభ్యసించి 1814లో అదే పద్ధతిని లండనులో ప్రయోగించెను. ఒక బండివాడు తన తెగిన ముక్కును లోకమునకు చూపుటవలన ఒక విద్య ఖండములు దాటినది. అతని ముక్కు పరులు కోసినది గనుక సిగ్గుపడలేదు, ఈ పిల్ల తనకు తానే చేసికొన్నది గదా యని అనవచ్చును. నిజముగా తనకు తానే చేసికొన్నదా?

ఇచ్చట నా సంగతి చెప్పవలసి యున్నది. దర్గా ప్రాంగణమున ఆ సాయంకాలము ఆమె చివరకు ఒక మాటన్నది. "మీరు ఒకరోజు ప్రబంధ నాయిక వర్ణన చెప్తున్నారు సార్. పెదవి దొండపండు అన్నారు. వెనక బెంచీలోంచి ఎవరో 'మన క్లాసులో అది ఎవరికుందిరా' అన్నారు. అందరూ నాకల్లా చూసి నవ్వినారు. మీరు కూడా నవ్వినారు సార్." నాకు ఆ దినము జ్ఞాపకము లేదు. ఆమె అబద్ధమాడు పిల్ల కాదు. ముప్పదియేండ్లుగా ఆ వర్ణనలు పాఠము చెప్పుచున్నాను; పిల్లల నవ్వుతో నవ్వు కలుపుట పాఠమును రక్తి కట్టించు ఉపాయమని అనుకొనెడివాడను.

విచిత్రమేమనగా, ఆనాడు నేను పాఠము గూడ సరిగా చెప్పలేదు. దొండపండు, పగడము, లేజిగురు, మంకెనపువ్వు అని మన కవులు అధరమునకు తెచ్చిన ఉపమానములు చూడుడు. అవియన్నియు ఎరుపును గూర్చినవి. లావును గూర్చినవి కావు. చిగురాకు కంటె పలుచనిది ఏమున్నది? ఆ పిల్ల సన్నని పెదవులకు కావ్యములలో ఏ లోపమును లేదు. ఈ ముక్క ఆనాడు తరగతిలో చెప్పియున్నచో వెనుక బెంచీ నోరు మూతపడెడిది. మన నెల్లూరు తిక్కన సోమయాజికి అంకితమై కేతన చేత తెలుగైన దశకుమార కథకు సంస్కృత మూలమున, మంత్రగుప్తుడను కుమారుడు ప్రియురాలి పంటిగాట్లతో పెదవులు నొవ్వగా ఓష్ఠ్యములు లేకుండ తన కథయంతయు చెప్పును. పెదవి గాయపడినను చెప్పవలసిన కథ చెప్పుట మానలేదని దండి చమత్కారము. ఆ కథ నేను తరగతిలో ఎన్నో మారులు చెప్పితిని. నా యెదుట మకారము తడబడుచు కూర్చున్న పిల్లకు ఏమి చెప్పవలెనో మాత్రము వెంటనే తోచలేదు.

చేసినది స్వల్పమే. ఆ రాత్రియే తల్లికి నిజము చెప్పించితిని. తల్లి కోపపడలేదు. చాలసేపు మాటాడలేదు, తరువాత "ముందే చెప్తే నెల్లూరికి పోయుంటిమి గదే" అని మాత్రమన్నది. అయినను మొక్కు మొక్కే గదా యని మూడు రాత్రులును నిద్రచేయించియే కదలినది. నెల్లూరులో ఆ వైద్యురాలు కాగితము అడిగిన పిమ్మట, సూది వేసినచోటికి ఒక ఉత్తరము వ్రాసితిమి. అందులో నింద లేదు, బెదిరింపు లేదు. ఫలాని తేదీన నాకు వేసిన మందు పేరు, తయారీదారు, బ్యాచి సంఖ్య, పరిమాణము, వేసిన వైద్యుని పేరు, రిజిస్ట్రేషను సంఖ్య తెలుపుడని, 2002 నిబంధనలను 72 గంటలను పేర్కొని నాలుగు వాక్యములు. రిజిస్టరు తపాలాలో పంపితిమి. మొదటి మూడు దినములు జవాబు లేదు. ఆరవ దినమున ఫోనుకు ఒక ఛాయాచిత్రము వచ్చినది. పిచికారి పెట్టెపై చీటీ. హయలురోనిక్ ఆమ్లమే. వైద్యుని పేరు మాత్రము రాలేదు. ఆ విషయమై వేరొక అర్జీ నడుచుచున్నది.

నెల్లూరు వైద్యురాలు చేతిపై పరీక్ష చేసి, మొదటి మారు ఎంజైము వేసినది. ఆ మరునాటికే మీసకట్టు ఉబ్బు సగము తీసినది. గడ్డ మాత్రము మొండికెత్తినది. రెండు వారములకు రెండవ మారు వేసిరి. కొన్నాళ్లు పెదవి మునుపటికంటెను వాడినట్లు కనబడగా ఆ పిల్ల ఏడ్చినది. అది సహజమేనని, దానంతట అది నిండుకొనునని వైద్యురాలు ధైర్యము చెప్పినది. పెండ్లివారికి తానే చెప్పెదనని పట్టుబట్టి, కాబోవు భర్తకు ఫోను చేసి చెప్పినది. అతడు ఏమన్నాడని నేనడుగలేదు. పెండ్లి అనుకొన్న ముహూర్తముననే ఆత్మకూరులో జరిగినది. నేను పోయితిని. తలంబ్రాల వేళ ఆమె తల్లిని ఏదో అడుగుచు "అమ్మా" అని పిలిచినది. మూడవ వరుసలో కూర్చున్న నాకు ఆ మకారము స్పష్టముగా వినబడినది.